మా పేరు మీద చాటింపు

మా ఊళ్ళో ఏ చాటింపైనా దొరల ఇల్లయిన మా గడి గుమ్మం ముందే మొదలయ్యేది. శిస్తు గడువైనా, ఊరమ్మ పండుగైనా, తప్పిపోయిన ఎద్దైనా సరే. డప్పు కొట్టే పెద్దాయన ముందు మా తలుపుకు ఎదురుగా నిలబడి కొంతసేపు వాయించి, "గడి దొరల హుకుం" అని కేకవేసి, కాసేపు ఆగి, ఆ తర్వాతే వీధుల్లోకి మళ్ళేవాడు. ఆ ఆగడం ఊరికే కాదు. లోపలినుంచి ఇంటి యజమాని వచ్చి చెయ్యెత్తితే ఆ చాటింపు అక్కడితో ఆగిపోవాలి. అది మా హక్కు. మా తాత కాలంలో గానీ, ఆయన తండ్రి కాలంలో గానీ ఎవరైనా చెయ్యెత్తినట్టు నేను వినలేదు. ఎత్తవలసిన అవసరం వాళ్ళకు రాలేదు. ఆ చాటింపులన్నీ వాళ్ళు చెప్పించినవే.

నేను పెద్దవాణ్ణయ్యేసరికి చెప్పించేవాళ్ళం మేం కాదు. వనపర్తికి దక్షిణాన, కృష్ణకు దగ్గరగా ఉన్న ఊరు మాది. దాయాదుల వ్యాజ్యాల్లో ముందు వాగు పక్క తరి పొలాలు పోయాయి, తర్వాత మెట్ట పోయింది. ఒక వానాకాలం గడి వెనక భాగం కూలితే ఆ మట్టి ఎత్తించే మనుషులు కూడా మాకు లేరు. ఇది జాలి కోసం రాయడం లేదు. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ జాలి అడగలేదు. జొన్నరొట్టె, పుంటికూర తప్ప మరేమీ లేని రోజున కూడా మా నాయన భుజాన కండువా లేకుండా పీట మీద కూర్చోలేదు.

పెత్తనం పటేలు చేతికి పోయింది. ఆయన తండ్రి మా వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడ్డవాడే. అయినా చాటింపులో పేరు మాత్రం మాదే ఉండేది. పటేలు తెలివైనవాడు. తన మాటంటే ఊరు సణుగుతుందనీ, గడి మాటంటే సణగదనీ ఆయనకు తెలుసు. మమ్మల్ని అడిగేవాడు కాదు, చెప్పేవాడూ కాదు. గుమ్మం ముందు డప్పు మోగినప్పుడల్లా నాయన లోపల పడకకుర్చీలో నడుం నిటారుగా చేసుకుని కూర్చునేవాడు. ఆ కేక అయ్యేవరకూ మాట్లాడేవాడు కాదు. నాకూ ఆ కేక వినడం ఇష్టంగానే ఉండేది. ఎందుకు ఉండకూడదు? మాకు మిగిలింది అదొక్కటే.

డప్పు పెద్దాయనది మాదిగవాడ. ఆ డప్పు హక్కు వాళ్ళ ఇంటిది. ఆయన కొట్టకపోతే అది చాటింపే కాదు, పక్క ఊరినుంచి మనిషిని తెచ్చి కొట్టిస్తే చెల్లదు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. కాస్త గొప్పలు చెప్పుకునే మనిషి. "నేను మంచం బడితె ఊర్ల శిస్తు ఎవడు గట్టడు దొరా, ఎవనికి తెలుస్తది?" అని నవ్వేవాడు. నా తాత వయసువాడు. నేను ఆయన్ని 'ఏమిరా' అనేవాణ్ణి, ఆయన నన్ను 'చిన్నదొరా' అనేవాడు. మా ఊళ్ళో మాట అలాగే ఉండేది.

ఆయన కొడుకు యుద్ధం రోజుల్లో ఏదో మిలిటరీ క్యాంపులో పనికి పోయి, యుద్ధం అయ్యాక తిరిగి వచ్చాడు. ఖాకీ నిక్కరు, కత్తిరించిన మీసం. ఎదురుపడితే దండం పెట్టేవాడు గానీ వంగేవాడు కాదు. అది నాకు మొదట నచ్చలేదు, తర్వాత గమనించగా ఆ నిలబడే తీరు మా నాయనది లాగే అనిపించింది. ఆ మాట ఇంట్లో అనలేదు.

అతను వచ్చిన మొదటి ఎండాకాలం వాగు పూర్తిగా ఇంకిపోయింది. అలాంటప్పుడు వాగు ఇసుకలో చెలిమెలు తవ్వుకుని తాగడం మా వైపు అలవాటు. మనిషి నడుము లోతు గుంట తవ్వితే అడుగున నీళ్ళు ఊరుతాయి, కొబ్బరిచిప్పతో ముంచుకుని కడవ నింపుకోవాలి. ఊరి చెలిమెలు పైన, మాదిగవాడ చెలిమె కింద, వాగు మలుపు దాటాక. పైన చెలిమెలు తవ్వేది కూడా మాదిగవాడ వాళ్ళే, వెట్టికి. దానికి ఒక కట్టుబాటు ఉంది. పొడి ఇసుకంతా వాళ్ళు తోడిపోయాలి. ఇసుక తడిగా తగిలిన వెంటనే పార పక్కన పెట్టి గుంటలోంచి బయటికి రావాలి. ఆ తర్వాత ఊరివాళ్ళెవరో దిగి ఆ చివరి తడి ఇసుక తీస్తారు. అప్పుడు నీరు ఊరుతుంది. అలా ఊరిన నీటిని తవ్వినవాళ్ళు ముట్టరాదు. ఇందులో వింత ఏమైనా ఉందని ఆ రోజు వరకూ మా ఊళ్ళో ఎవరూ అనగా నేను వినలేదు.

ఆ రోజు పెద్దాయన కొడుకు తవ్వుతున్నాడు. నేను గట్టు మీద ఉన్నాను. తడి తగిలింది. అతను బయటికి రాలేదు. పార వేస్తూనే ఉన్నాడు. నీరు ఊరింది. కాసేపు దాన్ని తేరనిచ్చాడు. ఆ తర్వాత దోసిలి పట్టి తాగాడు, మొహం కడుక్కున్నాడు, మళ్ళీ తాగాడు. తొందర లేదు, దొంగతనం లేదు. గట్టు మీద కడవలతో కూర్చున్న ఆడవాళ్ళలో ఒకామె, "అయ్యో అయ్యో, ముంచిండే!" అని కేకపెట్టింది. అతను తలెత్తి, "నీళ్ళొచ్చినయి అక్కా, తియ్యగున్నయి," అన్నాడు.

సాయంత్రానికి చావిడి దగ్గర ఊరు కూడింది. తీర్పు కఠినమైందేమీ కాదని అందరూ అన్నారు. ఆ చెలిమె పూడ్చి అతనే ఇంకొకటి తవ్వాలి, ఊరికి మొక్కి తప్పైందనాలి. అంతే. అతను తవ్వుతానన్నాడు, మొక్కనన్నాడు. ఊరు దానికి ఒప్పుకోలేదు. అప్పుడు పటేలు, వచ్చే సంతరోజున వెలి చాటింపు వేయిస్తానన్నాడు. సంతకు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వస్తారు, అందరికీ తెలుస్తుంది. ఆ ఇంటికి నిప్పు, నీళ్ళు, పని ఏవీ ఇవ్వరాదు. నదిమీద గుండ్రటి బుట్టపడవ, పుట్టి, నడిపేవాడు కూడా వాళ్ళను ఎక్కించరాదు.

చాటించవలసింది మాత్రం అతని తండ్రే.

మర్నాడు పొద్దున పెద్దాయన మా గుమ్మం ముందుకు వచ్చాడు. డప్పు లేకుండా ఆయన్ని అక్కడ చూడడం నాకు అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. నాయన అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు.

"ఏంది, గిట్లొచ్చినవు?"

"నీ బాంచెన్ దొరా. మీకెర్కలేందేముంది? ఆడు పట్నాలు దిరిగిండు, తల దిరిగింది. మూర్ఖుడు. పుట్టంగనే చెప్పిన మా ఇంటిదానికి, వీని తలకాయ పెద్దగున్నదే అని."

నాయన నవ్వలేదు. పెద్దాయన కూడా నవ్వడానికి ప్రయత్నించి మానుకున్నాడు.

"డప్పు గొట్టనంటె హక్కు పోతది. నా తమ్ముని కొడుకులు ఎప్పుడెప్పుడా అని సూస్తుండ్రు. కొడితె కొడుకు వోతడు. కోడలు వట్టి మనిషి గాదు దొరా, సంకల ఒకడు, కడుపుల ఒకడు. నీళ్ళియ్యొద్దని నా నోటితోని ఎట్ల చెప్పాలె? మీరు బయటికొచ్చి జర చెయ్యి లేపుండ్రి. గంతే. మీరు చెయ్యి లేపినంక నేను డప్పు ముట్ట. ఎవడేమంటడో సూద్దాం."

నాయన వీధి వైపు చూస్తూ, "చూద్దాం, పో," అన్నాడు.

ఆయన వెళ్ళాక నేను అడిగాను. "ఒక్క మాటే గద నాయనా?"

"ఒక్క మాటే. నా తాన ఉన్నదే ఆ ఒక్క మాట," అన్నాడు. "ఇంతవరకు ఎవడు దాన్ని కాదనలే. ఎందుకనలే? నేను ఎన్నడు అడగలే గనక. ఇయ్యాల చెయ్యి లేపితె ఆగకపోయిందనుకో, రేపటి సంది ఈ గుమ్మం ముంగట ఎవడాగుతడు?"

"ఆగుతరేమో."

"ఏమో అన్నదాని మీద ఖాందాన్ ఇజ్జత్ పెడ్తనా?"

మా నాయనను నేను తప్పుపట్టడం లేదు. ఆయన భయస్థుడు కాదు. మా పేరు ఎంత పలచబడిందో ఊరికి తెలియకముందే ఆయనకు తెలుసు, అంతే. ఇంకొక పెద్దమనిషి పక్కన నిలబడితే ఆయన లేస్తాడని నాకు అనిపించింది. సంతకు ఇంకా గడువుంది. అలాంటి మనిషిని వెతుక్కుంటూ బయల్దేరాను.

ముందు వనపర్తి మీదుగా నాగర్‌కర్నూల్ వెళ్ళాను. అక్కడ ఒక వకీలు ఉండేవాడు. నేను వనపర్తిలో చదువుకునే రోజుల్లో గ్రంథాలయం సభకు వచ్చి మనుషులంతా సమానమని మాట్లాడితే మేం చేతులు నొప్పిపుట్టేలా చప్పట్లు కొట్టాం. నిజంగా మంచివాడు. నన్ను గుర్తుపట్టి లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. నేను విషయం ఎత్తేలోపలే చేతిలో పత్రిక తీసి చూపించాడు.

"ఇది చదివినవా? ఆఫ్రికా దేశంల మనోళ్ళని తోలు రంగు చూసి రైలు పెట్టెలకెల్లి దించుతుండ్రంట. టికెట్ ఉన్నా సరే! తెల్లోడు కూసున్న బల్ల మీద కూసోవద్దంట. మనుషులేనా వీళ్ళు?"

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది నటన కాదు. నేను మా చెలిమె సంగతి చెప్పాను. ఆయన పత్రిక మడిచి పక్కన పెట్టి మధ్యలో ఒక్క మాట అడ్డు చెప్పకుండా విన్నాడు.

"అన్యాయం," అన్నాడు. "చాలా అన్యాయం. దీనిమీద నేను రాస్త."

"రాసేది తర్వాత చూద్దాం సార్. సంతరోజు మా ఊరికి రాండ్రి. మా నాయన పక్కకు నిలవడుండ్రి. సాలు."

ఆయన లేచి కిటికీ దగ్గరికి పోయాడు. "నేనొస్తె ఏమంటరో తెల్సా? ఎవడో వకీలొచ్చి ఊర్ల పుల్లలు పెడ్తుండు అంటరు. పని చెడుతది. మీది పాత ఖాందాన్. మీ నాయన ఒక్క మాటంటె, నా ఉపన్యాసాలన్ని కలిపినా అంత బరువుండదు. ముందు ఆయన్ని అననియ్యి. ఎన్క నేనుంట."

"ఎన్క గాదు సార్, పక్కకు."

"అదే బాబూ, అదే," అన్నాడు ఆయన, నా భుజం తడుతూ. నాకు భుజం తట్టించుకునే అలవాటు లేదు. లేచి వచ్చేశాను.

తిరిగి వచ్చి బీచుపల్లి దగ్గర పుట్టిలో కృష్ణ దాటి గద్వాల పోయాను. అక్కడ మా మేనమామ ఉండేవాడు. ఆంజనేయస్వామి గుడి దగ్గర ఏటా అన్నదానం చేయించేవాడు, నాలుగు ఊళ్ళ పంచాయతీలు ఆయన ముందుకు వచ్చేవి. ఇంటి ముందు సందులో మగ్గాల చప్పుడు, లోపల ఆయన ఊయల బల్ల చప్పుడు.

"ఏమిరా అల్లుడా! మీ గడి ఇంకా నిలవడ్డదా, కూలిందా?"

"సగం నిలవడ్డది మామా. ఆ సగం మీ ఇంటికంటె పెద్దదే."

ఆయన పడీ పడీ నవ్వాడు. "పొగరు మాత్రం కూలలే! కూసో, ముందు అన్నం తిను." తిన్నాను. చాలా కాలానికి వరి అన్నం తిన్నాను, అది ఆయనకు తెలియనివ్వలేదు. చేతులు కడుక్కున్నాక సంగతి చెప్పాను.

"మీ నాయన ఏమన్నడు?" అదే ఆయన మొదటి ప్రశ్న.

"ఇంకా ఏమనలే."

"ఇంటాయన అననిది నేనెట్ల అంటరా? బావ ఉండంగ బామ్మర్ది వొచ్చి పంచాయతి జేసిండంటె ఆయన ఇజ్జత్ ఏంగావాలె?"

"మీరొస్తున్నరంటె ఆయన లేస్తడు మామా. మీ మాట నాలుగూర్లు ఇంటయి."

"ఇంటయి," అన్నాడు ఊయల ఆపి. ఆయన గొంతులో వేళాకోళం పోయింది. "అందుకే అనను. ఇయ్యాల మీ ఊర్ల ఆ పోరడు తాగింది తప్పుగాదంటె, రేపు నా ఊరి మాదిగవాడోళ్ళు నా బాయి కాడికొచ్చి, దొరా మీ మాటేనాయె, తాగమంటరా అని అడుగుతరు. అప్పుడేం జెప్పాలె? తాగమనాలె. నా ఇంటి ఆడోళ్ళు ఆ నీళ్ళు ముడ్తరా? నువ్వు చదువుకున్నవు, చెప్పు."

ఆయన అబద్ధం చెప్పలేదు. పోయేటప్పుడు దారిఖర్చులకు ఏదో ఇవ్వబోయాడు, నేను తీసుకోలేదు.

ఊరికి వచ్చి నేరుగా అతని దగ్గరికే పోయాను. ఇంటి కప్పు మీద బోద గడ్డి సర్దుతున్నాడు. నన్ను చూసి దిగాడు. భార్య పిల్లవాణ్ణి ఎత్తుకుని లోపలికి పోయింది.

"మీ అయ్య పరేషానయితుండు. ఇంకో చెలిమె తవ్వి, ఒక్క దండం పెడ్తె పోతది. ఎందుకురా ఇంత మంకు?"

"తవ్వనని నేనన్లే చిన్నదొరా. తవ్వుత. తవ్వినంక తాగుత. ఒప్పుకుంటరేమో అడుగుండ్రి."

"మిలిటరీల గిదే నేర్పిండ్రా?"

"నేర్పేదేముంది అండ్ల? నీళ్ళు లారీల వస్తుండె. ఎవడు ముందుంటె ఆడు పట్టుకుంటుండె. బాపనాయన నా ఎన్క నిలవడుతుండె, ఎండకు తిట్టుకుంట." అతను నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "మీరు దండం పెడ్తరా చిన్నదొరా, మీరు చెయ్యని తప్పుకు?" అన్నాడు.

పెట్టను. ఎవరు చెప్పినా పెట్టను. అతనిలో నేను చూసింది అదే. అందుకే అతనికి ఏ సలహా ఇవ్వలేకపోయాను.

సంతరోజు పొద్దున గడ్డిమంట మీద కాచిన డప్పు మా గుమ్మం ముందుకు వచ్చింది. మామూలుగా పెద్దాయన ఒక్కడే వస్తాడు. ఆ రోజు పటేలు, ఊరి రైతులు వెనకే వచ్చారు. వీధి చివర సంతకు పోయే బండ్లు కూడా ఆగాయి. డప్పు మోగింది. "గడి దొరల హుకుం" అన్న కేక వినబడింది. ఆ తర్వాత పెద్దాయన ఆగాడు. ఎప్పుడూ ఆగేదానికంటే ఎక్కువసేపు ఆగాడు. తలుపు వైపే చూస్తున్నాడు.

"ఏందిరా, గొంతు ఎండిందా? నీళ్ళు గావాల్నా?" అన్నాడు గుంపులో ఒకడు. కొందరు నవ్వారు. "కొడుకునడుగు, ఆనికి తెల్సు ఏడ దొరుకుతయో!" అన్నాడు ఇంకొకడు.

అప్పుడు నాయన లేచాడు. వకీలు సంగతి, మామ సంగతి ఆయనకు ముందే చెప్పాను. ఎవరూ రారని ఆయనకు తెలుసు. తలపాగా చుట్టుకున్నాడు, కండువా వేసుకున్నాడు, అరుగు మీదికి నడిచి చెయ్యెత్తాడు.

"ఆపు. ఇది నా హుకుం గాదు."

నవ్వినవాళ్ళు తలలు దించుకున్నారు. పెద్దాయన డప్పును భుజం మీదినుంచి సగం దించాడు. నా గుండె గర్వంతో నిండింది. అది అబద్ధమని చెప్పను.

పటేలు ముందుకు వచ్చి రెండు చేతులూ జోడించాడు. వెటకారం లేదు, మర్యాదగానే జోడించాడు.

"తప్పయింది దొరా. మిమ్మల్ని అడగకుంటనే ఇన్నొద్దులు మీ పేరు వాడుకున్నం. ఇగ వాడం." అని వెనక్కి తిరిగాడు. "ఒరేయ్, దొరవారి పేరు తియ్యి. ఊరి హుకుం అని చెప్పు."

నాయన చెయ్యి ఇంకా ఎత్తే ఉంది. "నేను వద్దంటున్న," అన్నాడు.

"మీరొద్దన్నది మీ పేరే గద దొరా," అన్నాడు పటేలు మెల్లగా, "తీసేసినం. ఊరి మాట ఊరు చెప్పుకుంటది. అండ్ల మీకేం పరేషాన్?"

గుంపులోంచి ఒక్కరైనా మాట్లాడతారని చూశాను. వాళ్ళలో చాలామందికి అతనిమీద కోపం లేదని నాకు తెలుసు. కొందరి పొలాల్లో అతని భార్య నాట్లు వేసింది. ఒకరినొకరు చూసుకున్నారు. పెద్దాయన నాయన చేతి వైపు చూశాడు, పటేలు వైపు చూశాడు, డప్పును మళ్ళీ భుజాన సర్దుకున్నాడు. ఆయన్ని ఎవరూ తొయ్యలేదు. నడిచాడు. మా గోడ మలుపు దాటాక కేక మొదలైంది. గొంతు ఎప్పటిలాగే ఉంది.

"ఊరి హుకుం! నా కొడుక్కు, నా కోడలుకు, నిప్పియ్యొద్దు, నీళ్ళియ్యొద్దు, పని చెప్పొద్దు, పుట్టి ఎక్కియ్యొద్దు. ఊరి హుకుం!"

నాయన చెయ్యి దించుకుని లోపలికి వచ్చి, "తలుపెయ్యి," అన్నాడు. ఆ మాటొక్కటే అన్నాడు. ఆ తర్వాత మా గుమ్మం ముందు ఏ చాటింపూ జరగలేదు, చావిడి దగ్గరే మొదలయ్యేది. పటేలు ఎదురుపడితే మాత్రం పక్కకు తప్పుకుని దండం పెట్టేవాడు, మునుపటికంటే ఎక్కువ మర్యాదగా.

ఇన్నేళ్ళ తర్వాత కూడా పత్రిక తెరిస్తే ఆ వీధి కనబడుతుంది. ఎక్కడో హోటల్లో కొందరికి గ్లాసు వేరుగా పెట్టారని ఉంటుంది. సముద్రాల అవతల ఏదో దేశంలో తోలు రంగు చూసి ఒక మనిషిని కొట్టారని ఉంటుంది. చదివినవాళ్ళు, ఎవరైనా పెద్దమనిషి నోరు విప్పితే బాగుండునంటారు. పెద్దమనుషులు ఉన్నారు, నేను ఎరుగుదును. వాళ్ళు మంచివాళ్ళు కూడా. కానీ ఎవరి మాటను వాళ్ళు దాచుకుంటారు, ఇంకొకరు ముందు అననీ అని చూస్తారు. చివరికి ఒకడు లేచేసరికి వాడు ఒంటరిగా ఉంటాడు, లేదా వాడి పేరుకు బరువు పోయి ఉంటుంది. ఆ రోజు మా అరుగు మీద వకీలు, మామ కూడా నిలబడి ఉంటే పటేలు ఏం చేసేవాడో నాకు తెలియదు. ఊరి హుకుం అని అప్పుడు కూడా అనేవాడేమో. కానీ గుంపులో ఒక్కడైనా గొంతు సవరించుకునేవాడని మాత్రం అనుకుంటాను. నేను చేయగలిగింది వెళ్ళి అడగడం. అడిగాను. అడిగితే చాలని ఆ వయసులో నమ్మాను. ఇప్పుడు అడగడానికి కూడా నాకు మనిషి కనబడడం లేదు. ఎవరిని చూసినా, ముందు మీ నాయన ఏమన్నాడు అని అడిగేటట్టే ఉంటారు.

ఆ వెలి ఎలా నడిచిందో వివరంగా రాయను. మాదిగవాడ వాళ్ళు కూడా వాళ్ళ చెలిమె దగ్గర అతని భార్యను దూరంగా నిలబెట్టారంటే చాలు. నీళ్ళిస్తే వాళ్ళకూ అదే గతి పడుతుంది. పెద్దాయన తన కొడుకు ఇంటివైపు పోవడం మానేశాడు. ఒకరోజు అతను, భార్య, పిల్లవాడు మూటలు కట్టుకుని నది వైపు పోతున్నారని విన్నాను. తుంగభద్ర మీద ఆనకట్ట కడుతున్నారు, అక్కడ రాళ్ళు మోసే పనికి ఎవరైనా రావచ్చట.

నేను అడ్డదారిన రేవుకు పోయాను. వాళ్ళు గట్టు మీద నిలబడి ఉన్నారు. పుట్టివాడు పుట్టిని నీళ్ళలో ఉంచుకుని వాళ్ళవైపు చూడకుండా దాని వెదురు అల్లిక పరీక్షిస్తున్నాడు.

"వీళ్ళని దాటియ్యి," అన్నాను.

"మీరెక్కుండ్రి చిన్నదొరా, మిమ్మల్ని దాటిస్త."

"నేనెక్కుత. వాళ్ళు గూడ ఎక్కుతరు. నేను జెప్తున్న."

పుట్టివాడు తలెత్తాడు. వాడు చెడ్డవాడు కాదు, కళ్ళలో ఇబ్బంది కనబడింది. "పెద్దదొర చెయ్యి లేపితెనే ఆగలే గద చిన్నదొరా. మీరంటె నేనెట్ల ఎక్కియ్యాలె? రేపు నా పుట్టి ఎవడెక్కుతడు?"

పెద్దాయన కొడుకు నా పక్కకు వచ్చాడు.

"ఎందుకడిగిండ్రు చిన్నదొరా?" అన్నాడు. కోపంగా అనలేదు. "అడగకుంటె మీ మాటన్న మీ తాన ఉంటుండె."

ఎండాకాలం కాబట్టి కృష్ణ సన్నబడి ఉంది. పై వైపు చాలా దూరం పోతే బండలు తేలి ఉంటాయి, కాలు తడిపి దాటవచ్చు. అతను పిల్లవాణ్ణి మెడ మీద కూర్చోబెట్టుకున్నాడు. భార్య నిండు మనిషి, మూట నెత్తిన పెట్టుకుని ఒక చెయ్యి నడుముకు ఆనించుకుని నడిచింది. కొంతదూరం వాళ్ళ వెనకే నడిచాను. అతను వెనక్కి చూసి, "పోండ్రి, ఎండయితుంది," అన్నాడు. ఆగిపోయాను. రాళ్ళ మధ్య ఆమె రెండుసార్లు కూర్చుని లేవడం చూశాను. ఆ తర్వాత గట్టు ఒంపు వాళ్ళను కప్పేసింది.

రేవుకు తిరిగి వచ్చేసరికి పుట్టివాడు ఇంకా అక్కడే ఉన్నాడు.

"ఎక్కుతరా చిన్నదొరా?"

అవతలి ఒడ్డున నాకు పనేమీ లేదని చెప్పాను.